సంతకం మనది, షరతులు వాళ్లవి

ఉగాదినాడు పంచాంగ శ్రవణం ఎంత ముఖ్యమో, పాలేరు ఒప్పందం కూడా అంత ముఖ్యంగా ఉండేదని మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్పేవారు. రైతు అరుగు మీద కూర్చునేవాడు. పాలేరు కింద నిలబడేవాడు. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, రెండు జతల బట్టలు, ఒక జత చెప్పులు, చలికాలానికి ఒక దుప్పటి. మాటమీద బేరం తెగేది. కాగితం లేదు, సంతకం లేదు. మళ్లీ ఉగాది వచ్చేదాకా ఆ ఇంటి గొడ్డూ గోదా వాడి పూచీ, వాడి గంజి ఆ ఇంటి పూచీ.

అదేదో స్వర్ణయుగమని నేననడం లేదు. ఆ పాలేరు మెడకు అప్పు అనే పలుపు ఉండేది. ఇల్లు దాటి పోదామంటే వాడికి వీలుండేది కాదు. అయినా ఆ మాట ఎందుకెత్తానంటే, మొన్నామధ్య మన కాలేజీలోనే చదివిన ఒక కుర్రాడు ఒక అపాయింట్‌మెంట్ ఆర్డరు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. 14 పేజీలు, అన్నీ ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాలు. ఉద్యోగం పోయాక తెచ్చాడు.

"దీనిమీద సంతకం పెట్టేముందు చదివావా బాబూ?" అని అడిగాను.

"ఎక్కడండీ! హెచ్.ఆర్. ఆవిడ పేజీలు తిప్పుతూనే ఉంది, నేను పెడుతూనే ఉన్నాను. మూడు నిమిషాల్లో అయిపోయింది."

తొమ్మిదో పేజీలో ఉంది అసలు సంగతి. యాజమాన్యం ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, ఒక నెల జీతం చేతిలో పెట్టి అతణ్ణి పంపించెయ్యవచ్చు. అతను మానుకోదలిస్తే మాత్రం మూడు నెలల ముందు చెప్పాలి. మూడేళ్ల లోపల వెళ్తే లక్షన్నర కట్టాలి. అంతదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటాయి.

మిత్రులారా, ఇప్పుడు చెప్పండి. ఆ పాలేరుకీ మన పట్టభద్రుడికీ ఉన్న తేడా ఏమిటి? పాలేరుకి కనీసం ఏడాది భరోసా ఉండేది!

ఈ సావనీరులో వ్యాసం రాయమని యూనియన్ వారు అడిగినప్పుడు, కోర్టు వరండాల్లో రోజూ చూసే ఈ సంగతే రాద్దామనిపించింది. ఈ పుస్తకం చదివే విద్యార్థుల్లో చాలామంది ఏడాది రెండేళ్లలో అలాంటి కాగితం మీద సంతకం పెట్టబోతున్నారు. లెక్చరర్లలో కొందరు ఇప్పటికే పెట్టి ఉన్నారు. పాత విద్యార్థుల్లో కొందరు బల్లకి అవతలివైపు కూర్చుని పెట్టిస్తున్నారు. ముగ్గురికీ ఇది సంబంధించిన విషయమే.

సరిసమానుల ఒప్పందమా?

"ఇష్టపడే కదా సంతకం పెట్టావు, ఇప్పుడు ఏడిస్తే ఏంలాభం" అంటారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఇద్దరి ఇష్టం మీదే నిలబడింది. కాని పని ఇచ్చేవాడూ, పని అడిగేవాడూ సమానమనేది పుస్తకాల్లో మాట. ఇతర వస్తువుల బేరంలో నచ్చకపోతే దుకాణం దిగి వచ్చెయ్యవచ్చు. ఆకలితో ఉన్నవాడు ఏ దుకాణం దిగి ఎక్కడికి పోతాడు?

ఈ దేశంలో ఒకప్పుడు ఆ ఒప్పందం ఎంత ఏకపక్షంగా ఉండేదంటే, అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలివాణ్ణి మేజిస్ట్రేటు జైలుకి పంపవచ్చునని 1859లో చట్టమే చేశారు. యజమాని మాట తప్పితే జైలు లేదు; కూలివాడు తప్పితే ఉంది. 1925లోగాని దాని రద్దుకు చట్టం రాలేదు. అంటే ఉద్యోగం ఒప్పందం అనే మాటలో "ఒప్పు"కన్నా "పందెం" ఎక్కువని మన తాతలకి బాగా తెలుసు.

ఈ అసమానతని మన సుప్రీంకోర్టు గట్టిగా గుర్తించింది 1986లో. సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ నిబంధనల్లో ఒకటుంది. పర్మనెంటు ఉద్యోగినైనా సరే మూడు నెలల నోటీసో, మూడు నెలల జీతమో ఇచ్చి, కారణం లేకుండా తీసెయ్యవచ్చునని. బేరమాడే శక్తిలో హస్తిమశకాంతరం ఉన్నప్పుడు, బలహీనుడి చేత పెట్టించుకున్న అన్యాయమైన షరతు ప్రజానీతికి విరుద్ధం, చెల్లదు అన్నారు న్యాయమూర్తులు. 1990లో ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో అత్యధికులు అదే దారిన నడిచారు. అయితే ఈ రెండూ ప్రభుత్వ రంగ సంస్థలు, రాజ్యాంగం కింద బాధ్యులు. పక్కవీధిలోని ప్రైవేటు కంపెనీ మెడకి ఆ తీర్పు తాడు నేరుగా తగలదు. చిక్కంతా అక్కడే ఉంది.

చట్టం ఎవరికి గొడుగు పట్టింది?

గవర్నమెంటు ఉద్యోగికి రాజ్యాంగంలోనే 311వ అధికరణం ఉంది. నేరమేమిటో చెప్పి, విచారణ జరిపి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వందే డిస్మిస్ చెయ్యకూడదు. మినహాయింపులు లేకపోలేదుగాని సూత్రం అది. మన అమ్మానాన్నలు "గవర్నమెంటు ఉద్యోగం" అని కలవరించేది జీతం కోసం మాత్రమే కాదు. ఆఫీసరుకి కోపమొస్తే పొద్దున్నకి వీధిన పడమనే ఆ ధీమా కోసం.

ఫ్యాక్టరీ కార్మికుడికి ఆ ధీమా పోరాడితేనే వచ్చింది. 1946లో స్టాండింగ్ ఆర్డర్ల చట్టం. ఏది తప్పు, ఏది కాదు, ఏ తప్పుకి ఏ శిక్ష అన్నది ముందుగా రాసిపెట్టి గోడకి అంటించమంది. 1947లో పారిశ్రామిక వివాదాల చట్టం. 1965లో దానికొక సవరణ వచ్చింది. యూనియన్ వెనకాల లేకపోయినా, ఒంటరిగా డిస్మిస్సయిన కార్మికుడి గోడు కూడా పారిశ్రామిక వివాదమే అంది. 1971లో మరో సవరణ వచ్చి, శిక్ష తప్పుకి తగ్గట్టుందా లేదా అని తూచే అధికారం లేబర్ కోర్టుకి ఇచ్చింది. బీడీ కాల్చినవాడికి ఉరిశిక్ష వేస్తే, "ఇది మరీ ఎక్కువ" అని తగ్గించే అధికారమన్నమాట.

ఇక తప్పు లేకుండా, పని తగ్గిందని తీసెయ్యడం ఉంది. దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి అలా తీసెయ్యాలంటే ఒక నెల నోటీసో ఆ నెల జీతమో ఇవ్వాలి. పైగా పనిచేసిన ఒక్కో ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. నెలకి 24 వేలు వచ్చే మనిషి ఎనిమిదేళ్లు చేశాడనుకోండి. ఏడాదికి 12 వేల చొప్పున 96 వేలు, నోటీసు బదులు మరో 24 వేలు. మొత్తం 1 లక్షా 20 వేలు. గ్రాట్యుటీ దీనికి వేరే. ఆఖర్న చేరినవాణ్ణి ముందు పంపాలి. మళ్లీ మనుషులు కావలసివస్తే ముందు వీళ్లనే పిలవాలి.

ఇదంతా వింటే మన దేశంలో ఉద్యోగం తియ్యడం బ్రహ్మవిద్య అనిపిస్తుంది. అసలు సంగతి చూడండి. 240 రోజుల లెక్క వచ్చిందిగదా, 239వ రోజున "రేపట్నించి రావద్దు, వారం పోయాక కొత్త పేరుతో చేరు" అనే విద్య కూడా దానితోబాటే పుట్టింది. చట్టం గొడుగు పడితే, గొడుగు కిందికి ఎవర్నీ రానివ్వకపోవడం యాజమాన్యం నేర్చింది.

మేష్టారికి గొడుగేదీ?

అన్నిటికన్నా విడ్డూరం మన లెక్చరర్ల సంగతి. 1988లో గోవాలోని ఒక స్కూలు ఉపాధ్యాయిని కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పాఠం చెప్పేవాళ్లు "వర్క్‌మన్" నిర్వచనంలోకి రారు. అంటే బడి ఆవరణ ఊడ్చే మనిషి పారిశ్రామిక చట్టం కింద కోర్టుకెక్కవచ్చు. లోపల పాఠం చెప్పే పంతులమ్మ ఎక్కడానికి లేదు! గౌరవమైన వృత్తి అన్నారు. గౌరవంతో బియ్యం రావుగదా.

సరే, సివిల్ కోర్టుకి పోదామంటారా? అక్కడ మరో గోడ. ఒక మనిషి చేత మరో మనిషికి కొలువు చేయించమని, కొలువులో ఉంచుకోమని సాధారణంగా కోర్టు ఆజ్ఞాపించదు. నష్టపరిహారం మాత్రం ఇప్పిస్తుంది. దీనికి మూడు మినహాయింపులున్నాయి. 311 కింద ఉన్న ప్రభుత్వోద్యోగి. పారిశ్రామిక చట్టం కింద ఉన్న కార్మికుడు. చట్టం పుట్టించిన సంస్థ ఆ చట్టాన్నే ఉల్లంఘించినప్పుడు దాని ఉద్యోగి. 1976లో ఉత్తరప్రదేశ్‌లోని వైశ్ డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ సుప్రీంకోర్టు దాకా వచ్చి ఈ మూడో మెట్టు దగ్గరే ఆగిపోయారు. కాలేజీ యూనివర్సిటీకి అనుబంధమే అయినా, దాని కార్యవర్గం చట్టం పుట్టించిన సంస్థ కాదన్నారు. ప్రిన్సిపాల్ గతే అదైతే మామూలు ట్యూటర్ గతి వేరే చెప్పాలా?

మన రాష్ట్రాల్లో కొంత నయం. 1982 నాటి విద్యా చట్టం 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థ ఉద్యోగిని కూడా అభియోగాలు చెప్పి, విచారించి, జవాబు వినకుండా డిస్మిస్ చెయ్యకూడదు. ఎంతమంది జూనియర్ లెక్చరర్లకి ఈ సెక్షన్ ఉన్నట్టు తెలుసు? తెలిసినా, ఎండాకాలం సెలవుల్లో జీతం ఆపేసి జూన్‌లో "మళ్లీ చేరండి" అంటే, "ఇది తీసెయ్యడమే" అని ఎదురుతిరిగేవాళ్లు ఎందరు? పిల్లల ఫీజులు, అద్దె కొంప, వచ్చే జూన్ బెంగ. ఈ మూడూ సెక్షన్ కన్నా బలమైనవి.

పోరాడినవాళ్లు లేకపోలేదు. మహారాష్ట్రలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయినిని యాజమాన్యం అన్యాయంగా తీసేసింది. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2013లో కోర్టు చెప్పిన మాట గుర్తుంచుకోదగ్గది. డిస్మిసల్ చెల్లదని తేలితే, ఉద్యోగం తిరిగి ఇవ్వడం, మధ్యకాలపు జీతం మొత్తం ఇవ్వడం మామూలు రివాజు. ఇవ్వనవసరం లేదని చూపే భారం యాజమాన్యానిదే. మొన్న 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు వచ్చింది. నెలకి 30 వేలతో, పర్మనెంటు వాళ్లతో సమానమైన పని. సభల్లో గురువుని బ్రహ్మ విష్ణువు అని పొగడడం కాదు, ఆ గౌరవం జీతంలో కనపడాలి అన్న ధోరణిలో కోర్టు చీవాట్లు పెట్టింది. గురుపూజోత్సవం నాడు పూలదండ వేసి, మర్నాడు రెన్యువల్ కాగితం తొక్కిపెట్టే పెద్దలందరూ ఆ తీర్పు చదవాలి.

మన ఆవరణలోనే

దూరం ఎందుకు, మన మెస్సు దగ్గరికి రండి. మనకి వేడివేడి సాంబారు పోసే మనిషికి ఈ ఏడాది కాంట్రాక్టరు మారాడు. పని అదే, గరిటె అదే, బానలు అవే. ఉద్యోగం మాత్రం కొత్తది! ఎన్నేళ్ల సర్వీసో అడిగితే ఆయన నవ్వుతాడు. కాగితం ప్రకారం నాలుగు నెలలు.

యూనివర్సిటీలకీ ఈ చట్టాలకీ ఉన్న తగువు పాతదే. 1963లో ఢిల్లీ విశ్వవిద్యాలయం బస్సు డ్రైవర్ల కేసు సుప్రీంకోర్టుకొచ్చింది. బస్సులు నష్టంలో నడుస్తున్నాయని డ్రైవర్లని తీసేశారు. విశ్వవిద్యాలయం పని విద్యాదానం, అది పరిశ్రమ కాదు, కాబట్టి డ్రైవర్లకి రిట్రెంచ్‌మెంట్ పరిహారం రాదన్నారు. 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ గారి తీర్పు ఆ మాటని తిరగరాసింది. యజమాని, ఉద్యోగి కలిసి క్రమబద్ధంగా ప్రజలకు కావలసిన సేవ అందిస్తుంటే అది పరిశ్రమే. విద్యాసంస్థయినా అంతే అన్నారు. ఉన్నతమైన ఆశయం చూపించి డ్రైవరు పొట్ట కొట్టకూడదని దాని తాత్పర్యం.

2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ "పరిశ్రమ" నిర్వచనాన్ని మళ్లీ రాసింది. ధర్మకార్యం, సంఘసేవ, పరోపకారం చేసే సంస్థలు నడిపే వాటిని బయట ఉంచింది. మన కాలేజీలు చాలావరకూ సొసైటీల, ట్రస్టుల పేరున నడిచేవే. "మేమూ ధర్మ సంస్థలమే బాబూ" అని అవి ఆ తలుపు తట్టకుండా ఉంటాయా? లక్షల్లో ఫీజు కట్టిన మీ తండ్రుల్ని అడగండి, అందులో ధర్మమెంతో చెబుతారు.

కొత్త కోడ్‌లు: ఇచ్చిందెంత, తీసిందెంత

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. 1946, 1947 చట్టాల స్థానంలో ఈ పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అన్నీ చెడ్డవే అనడం నా ఉద్దేశం కాదు. ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలన్నారు, మంచిది. ఉద్యోగం పోయిన మనిషికి రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలన్నారు, మంచిది. రిట్రెంచ్ అయినవాడికి కొత్త పని నేర్చుకోవడానికి 15 రోజుల వేతనం యాజమాన్యం నిధికి జమ చెయ్యాలన్నారు, అదీ మంచిదే. 240 రోజుల లెక్క, నెల నోటీసు, 15 రోజుల పరిహారం అలాగే ఉన్నాయి.

ఇక రెండో చెయ్యి చూడండి. స్టాండింగ్ ఆర్డర్లు ఇదివరకు కేంద్ర చట్టం ప్రకారం 100 మంది ఉన్నచోట ఉండాల్సివుండేవి, ఇప్పుడు 300. ఫ్యాక్టరీల్లో రిట్రెంచ్‌మెంట్‌కి ప్రభుత్వం అనుమతి తీసుకోవాల్సిన హద్దు కూడా అంతే పెరిగింది. 299 మందిని పెట్టుకుని పక్కషెడ్డుకి బావమరిది పేరు పెట్టే తెలివితేటలు మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. డిస్మిసల్ మీద ట్రిబ్యునల్‌కి వెళ్లే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది.

అన్నిటికన్నా పెద్దది ఫిక్స్‌డ్ టెర్మ్ ఉద్యోగం. ఇన్ని నెలలకని రాసుకుని పెట్టుకోవచ్చు. పర్మనెంటు వాడితో సమానమైన జీతం, సదుపాయాలు ఇవ్వాలి. ఏడాది చేస్తే గ్రాట్యుటీ కూడా వస్తుంది. బాగానే ఉంది. కాని గడువు తీరి బయటికి పంపడం రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. నోటీసూ లేదు, పరిహారమూ లేదు. ఎన్నిసార్లు పొడిగించవచ్చో కోడ్ హద్దు గీయలేదు. అంటే పదకొండు నెలలు, మళ్లీ పదకొండు నెలలు, మళ్లీ పదకొండు నెలలు... ఇలా ఒక మనిషి జీవితమంతా టెంపరరీగా గడిచిపోవచ్చు. నన్నడిగితే, ఈ ఒక్క హద్దు కోసం విద్యార్థి సంఘాలూ, ఉద్యోగ సంఘాలూ కలిసి అడగాలి. పనే శాశ్వతమైతే మనిషి మాత్రం ఎందుకు తాత్కాలికం?

ఈ ప్రశ్న సుప్రీంకోర్టూ వేసింది. 2006 నాటి ఉమాదేవి తీర్పు చూపించి, దొడ్డిదారిన చేరినవాళ్లని పర్మనెంటు చెయ్యనక్కర్లేదని ప్రభుత్వాలు చాలాకాలం తప్పించుకున్నాయి. 2024 డిసెంబరులో కేంద్ర జల సంఘంలో ఊడ్చే, తోటపని చేసే సిబ్బంది కేసు వచ్చింది. పదేళ్లకు మించి పనిచేయించుకుని ఒక్క కాగితంతో పంపేశారు. ఉమాదేవి తీర్పు మంచి సర్వీసున్న వాళ్ల పొట్టకొట్టే ఆయుధం కాదని చెప్పి, వాళ్లని తిరిగి తీసుకుని క్రమబద్ధీకరించమంది కోర్టు.

"సెల్ఫ్ డిస్మిస్"

డిస్మిస్ అనే మాటకి మన తెలుగునాట కొత్త వ్యాకరణం కూడా పుట్టింది. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకి దిగారు. గడువులోగా విధుల్లో చేరని సుమారు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది. దానికి "సెల్ఫ్ డిస్మిస్" అని పేరు. చిన్నప్పుడు సకర్మక క్రియ, అకర్మక క్రియ చదువుకున్నాం. తీసేసేవాడొకడు, పోయేవాడొకడు ఉండాలి. ఇక్కడ తీసేసినవాడూ వాడే, పోయినవాడూ వాడేనట! చార్జిషీటు లేదు, ఎంక్వయిరీ లేదు. 52 రోజుల తరవాత సమ్మె విరమించారు. నవంబరు చివర్లో అందర్నీ తిరిగి చేర్చుకున్నారు. మధ్యలో పోయిన ప్రాణాల్ని మాత్రం ఎవరూ తిరిగి చేర్చుకోలేకపోయారు. 2003లో తమిళనాడులో సమ్మెచేసిన లక్షన్నరకు పైగా ప్రభుత్వోద్యోగుల్ని ఒక్క దెబ్బతో తీసేసిన చరిత్ర కూడా మన పొరుగునే ఉంది. ఏ పార్టీ, ఏ రాష్ట్రం అన్నది ముఖ్యం కాదు. విచారణ లేకుండా తియ్యకూడదన్న సూత్రం వేలమంది విషయంలో గాలికెగిరితే, ఒక్కడి విషయంలో ఎవడు పట్టించుకుంటాడు?

అమెరికాలో అయితే హాయి అనుకునే మిత్రులకొక మాట. అక్కడ మోంటానా అనే ఒక్క రాష్ట్రం తప్ప మిగతా అంతటా మూలసూత్రం "ఇష్టమున్నంతకాలమే ఉద్యోగం". జాతి, మతం వంటి వివక్ష చూపకపోతే చాలు, కారణం చెప్పక్కర్లేదు. హెచ్-1బి వీసా మీద ఉన్న మన కుర్రాడికి ఉద్యోగం పోతే, మరో కంపెనీ వెతుక్కోవడానికి హెచ్చులో హెచ్చు 60 రోజుల వ్యవధి. ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ ఆ 60 రోజుల్లో తేలాలి. జీతం డాలర్లలో ఉంటుంది. భద్రత మాత్రం దినకూలీదే.

"మరి పనిచెయ్యనివాణ్ణి మొయ్యాలా?"

బల్లకి అవతల కూర్చున్న పాత విద్యార్థి మిత్రుడు ఈ ప్రశ్న వేస్తాడని నాకు తెలుసు. న్యాయమైన ప్రశ్నే. వ్యాపారం దెబ్బతింటే జీతాలు ఎక్కడినుంచి వస్తాయి? దొంగతనం చేసినవాణ్ణి కూడా ఉంచుకోవాలా? అక్కర్లేదు. ఏ చట్టమూ అలా చెప్పలేదు. చట్టం అడిగేది మూడే మూడు. కారణం చెప్పు. అతని జవాబు విను. ఇవ్వాల్సింది ఇచ్చి పంపు. 1982లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 158వ ఒడంబడికలో రాసింది కూడా దాదాపు ఇంతే. మన దేశం దానిమీద సంతకం పెట్టలేదు. కుర్రాళ్లచేత 14 పేజీల మీద మూడు నిమిషాల్లో పెట్టించే దేశం, ఆ ఒక్క కాగితం మీద ఇన్ని దశాబ్దాలైనా పెట్టలేకపోయింది!

కేసులు ఏళ్లతరబడి నడుస్తున్నాయన్న విమర్శ కూడా నిజమే. అది ఇద్దరికీ నష్టం. కాని మందు ఆలస్యమైతే వైద్యుణ్ణి తొందరపెట్టాలిగాని, రోగికి మందే వద్దనకూడదు.

మనం చెయ్యగలిగింది

ఉపన్యాసంతో ముగించడం నాకిష్టం లేదు. కొన్ని పనులు చెబుతాను, యూనియన్ వారు ఆలోచించాలి.

మొదటిది, ప్లేస్‌మెంటుకి వచ్చే కంపెనీలు జీతం అంకె ఒక్కటే చెప్పి పోకుండా, పూర్తి ఒప్పందం కాగితం ఇంటర్వ్యూకి ముందే నోటీసు బోర్డుకి ఎక్కించాలని కాలేజీ షరతు పెట్టాలి. బాండు ఉందా, నోటీసు ఇద్దరికీ సమానమా, ప్రొబేషను ఎన్నాళ్లు అన్నది ముందే తెలియాలి. బాండు అంతా చెల్లదని కొందరు ధైర్యం చెబుతారు, అదీ తప్పే. 2025 మే నెలలో ఒక బ్యాంకు కేసులో మూడేళ్ల లోపల మానుకుంటే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు అంది. ప్రభుత్వ బ్యాంకు నియామకానికయ్యే ఖర్చు, శ్రమ చూసి అన్నమాట అది. నేర్పింది సున్నా, బాండు లక్షలు అనే కంపెనీకి అది తాళపత్రం కాదు.

రెండోది, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. చూపించండి, నకలు ఇవ్వండి. చదువు మీది, అది కుదువసొమ్ము కాదు.

మూడోది, "నువ్వే రాజీనామా రాసి ఇచ్చెయ్, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం" అంటే అక్కడికక్కడ రాయకండి. రాజీనామా ఇచ్చినవాడు డిస్మిసల్ మీద పోరాడాలంటే, అది బలవంతాన రాయించుకున్నదని ముందు రుజువు చెయ్యాలి. ఒక్కరోజు గడువు అడగండి. మీ కంపెనీ షాపులు, సంస్థల చట్టం కిందికొస్తే, 1988 నాటి ఆ చట్టం ప్రకారం ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సమంజసమైన కారణం, నెల నోటీసు లేకుండా తియ్యకూడదు. 

నాలుగోది, మన మెస్సు, హాస్టలు, స్వీపింగు కాంట్రాక్టుల్లో ఒక వాక్యం చేర్పించండి. కాంట్రాక్టరు మారినా మనుషులు మారకూడదని, తొలిరోజు తేదీతో ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలని. మనకి హక్కులు కావాలని అరిచేముందు, మనకి అన్నం వండేవాడి హక్కు సంగతి చూడాలి.

అయిదోది, న్యాయవాదులైన పాత విద్యార్థులం కొందరం ఉన్నాం. నెలకొక ఆదివారం యూనియన్ గదిలో కూర్చుని, సంతకం పెట్టబోయే కాగితాలు చదివిపెడతాం. ఫీజు అక్కర్లేదు, క్యాంటీను టీ చాలు.

ఆ కుర్రాడి కేసు నడుస్తోంది. సర్టిఫికెట్లు తిరిగొచ్చాయి, ఉద్యోగం ఇంకా రాలేదు. పోయిన వారం మళ్లీ వచ్చాడు, చేతిలో మరో కంపెనీ కాగితాలు. ఈసారి 16 పేజీలు.

"సంతకం పెట్టేశావా?" అన్నాను, కాస్త కంగారుగానే.

"లేదండీ. ముందు మీరు చదవండి."

అదీ కావలసింది. మూడు నిమిషాల సంతకానికి మూడు రోజులు పట్టనివ్వండి. షరతులు వాళ్లవైనా, సంతకం ఇంకా మనదే.